మూడేళ్ల వ్యవస్థాపకత డిగ్రీ: ఒక పూర్వ విద్యార్థి సమీక్ష

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కళాశాలలో వ్యవస్థాపకత ప్రత్యేకాంశంగా మూడేళ్ల బీబీఏ పూర్తిచేశాక, అందులో చేరదలచినవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. మొదటి ఏడాది పాఠాలు ఏ బీకాం తరగతికైనా సరిపోయేవే. రెండో ఏడాదిలో మాత్రం నలుగురం జట్టుగా చిరుధాన్యాల చిరుతిళ్లు చేయించి అమ్మవలసి వచ్చింది. సరుకు ధరకు రవాణా, ప్యాకింగ్, అమ్ముడుపోక మిగిలిన పొట్లాల నష్టం కలిపితేగాని అసలు ఖర్చు తేలదన్న సంగతి, పుస్తకం ఎన్నిసార్లు చదివినా బోధపడనిది, ఆ నాలుగు నెలల ఖాతా పుస్తకం చూశాక తలకెక్కింది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితమని తెలియక ఒక మధ్యవర్తికి డబ్బు ఇవ్వబోయిన మమ్మల్ని ఆపినది మా అకౌంట్స్ అధ్యాపకురాలే.

అసలు లోపం మిగతా బోధకుల అనుభవంలో ఉంది. ఏనాడూ చిన్న దుకాణమైనా నడపనివారు పెట్టుబడి సమీకరణపై స్లైడ్లు చదివి వినిపిస్తే ప్రయోజనం తక్కువ. 2015లో మొదలై 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారిన టీ-హబ్, అంటే కొత్త వ్యాపార సంస్థలకు చేయూతనిచ్చే కేంద్రం, ఊళ్లోనే ఉన్నా, మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లింది ఒక్కసారే. అదీ ఫోటోల కోసమేననిపించింది. ఇంట్లో ఇప్పటికే వ్యాపారం ఉన్నవారికి ఈ డిగ్రీని నిస్సంకోచంగా సూచిస్తాను. అప్పు చేసి ఫీజు కట్టవలసినవారు మామూలు బీకాంలో చేరి, మిగిలిన సొమ్ముతో చిన్న వ్యాపారం ప్రయత్నించడం మేలు.