హైదరాబాద్ ఎఫ్‌సీతో ఆరు సీజన్లు: ఒక అభిమాని సమీక్ష

ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన మా ఊరి ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీని 2019లో పుట్టినప్పటి నుంచి ఈ ఊళ్లో ఆడిన చివరి మ్యాచ్ వరకు వదలకుండా చూసినవాణ్ణి. జట్టు ఆటతీరు మీద విశ్లేషణలు కావలసినన్ని దొరుకుతాయి. నేను రాయదలచుకున్నది సీజన్ ముగిసే వారం గురించి. అభిమానం ఎంత లోతుకు దిగిందో ఆ వారంలోనే తెలుస్తుంది.

మొదటి సీజన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పది జట్లలో పదో స్థానం. గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌పై మా ఆటగాడు మార్సెలీన్యో ఫ్రీకిక్‌తో దక్కిన 2-1 గెలుపు తప్ప దాచుకోదగ్గ జ్ఞాపకం మిగల్లేదు. రెండో ఏడు కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలో, ఖాళీ స్టేడియాల్లో జరిగాయి. కోచ్‌గా వచ్చిన మనోలో మార్కెజ్ లిస్టన్ కొలాసో, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. చివరి లీగ్ మ్యాచ్‌లో ఎఫ్‌సీ గోవాపై గెలిస్తే కప్పు కోసం పోటీపడే ప్లేఆఫ్స్ చేరేవాళ్లం. 0-0తో ముగిసి ఐదో స్థానంలో ఆగిపోయాం. ఆ రాత్రి అన్నం సహించలేదు. అయినా అందులో ఒక ఆశ ఉంది, ఈ కుర్రాళ్లు ఇంకో ఏడాది కలిసి ఆడితే చాలని.

2022 మార్చి 20న ఆ ఆశ పండింది. గోవాలోని ఫటోర్డాలో ఫైనల్, మళ్లీ కేరళ బ్లాస్టర్స్. ఆ మ్యాచ్‌కు ప్రేక్షకులను రానిచ్చారు. స్టాండ్ల నిండా పసుపే, కాని అది కేరళ అభిమానుల పసుపు. మైదానంలో పసుపు జెర్సీలు వేసుకున్నది మాత్రం మావాళ్లు. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ కేపీ గోల్ కొట్టాడు. తెర ముందు కూర్చున్న మేమంతా నీరుగారిపోయాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి బంతిని నేల తాకకముందే బలంగా కొట్టి స్కోరు సమం చేశాడు. ఇక పెనాల్టీ షూటౌట్‌లో మా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేసింది ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. నిషు కుమార్ కిక్‌ను ఆపాడు. గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. దాన్నీ ఆపాడు. మొత్తం ముగ్గురిని అడ్డుకున్నాడు. హాలీచరణ్ నర్జారీ ఆఖరి కిక్‌తో 3-1. పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి నన్ను వాటేసుకుని ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

గెలిచిన సీజన్ ముగింపు ఎలా ఉంటుందో ఆ తర్వాతి రోజుల్లో తెలిసింది. ఆనందం ఉంది, దాన్ని మోసుకెళ్లడానికి వచ్చే వారం మ్యాచ్ లేదు. యూరప్‌లో మే నెలలో లీగులు ముగిస్తే ఆగస్టులో మళ్లీ మొదలవుతాయి. మాకు మార్చి నుంచి అక్టోబరు దాకా ఎదురుచూపే. శనివారం సాయంత్రం కాలు ఒకచోట నిలిచేది కాదు.

2023 ముగింపు గుండె కోసింది. లీగ్‌లో 42 పాయింట్లతో రెండో స్థానం, సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్. రెండు మ్యాచ్‌లలోనూ, అదనపు సమయంలోనూ ఒక్క గోల్ పడలేదు. కోల్‌కతాలో షూటౌట్, 4-3తో ఓటమి. మమ్మల్ని అన్నిసార్లు గెలిపించిన ఓగ్బెచే కిక్ గోల్ స్తంభానికి తగిలింది. అతని మీద కోపం రాలేదు. అంతకుముందు ఏడాది 18 గోల్స్‌తో, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచి మాకు కప్పు అందించినవాడు అతనే.

ఓటమికన్నా నన్ను ఎక్కువ కుదిపేసింది ప్రతి సీజన్ ముగిశాక వచ్చే వార్తలు. 2021లోనే లిస్టన్ వెళ్లిపోయాడు, 2022లో ఆశిష్ రాయ్ వెళ్లిపోయాడు, 2023లో ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి, మనోలో ఎఫ్‌సీ గోవాకు. పేరు పెట్టి పిలుచుకున్న కుర్రాళ్లను వేరే జెర్సీలో చూడటానికి మనసు ఒప్పుకోదు. 2023-24లో ఆర్థిక ఇబ్బందులతో జట్టు సగం ఖాళీ అయింది. సీజన్ మొత్తానికి ఒకే విజయం, పట్టికలో అట్టడుగు స్థానం. విదేశీ ఆటగాళ్లలో కెప్టెన్ జోయావో విక్టర్ ఒక్కడే చివరిదాకా మిగిలాడు. ఇరవై ఏళ్ల పిల్లల మధ్య మధ్యవరుసలో నిలబడి, ఓడిపోతున్న మ్యాచ్‌లలో కూడా వాళ్లకు స్థానాలు చూపిస్తూ ఆడాడు. నా దృష్టిలో కప్పు గెలిచిన ఏడాదికి అది ఏమాత్రం తీసిపోదు.

స్టేడియం గురించి ఒక మాట. గచ్చిబౌలి బాలయోగి మైదానం అథ్లెటిక్స్ కోసం కట్టింది. స్టాండ్లకూ పచ్చికకూ మధ్య పరుగు ట్రాక్ ఉంటుంది. అవతలి గోల్ దగ్గర ఎవరి తల తగిలిందో కనిపెట్టడం కష్టం. వీలైతే మధ్యగీతకు ఎదురుగా పై వరుసల్లో కూర్చోవాలి, జట్టు ఆకృతి అక్కడి నుంచి చక్కగా కనిపిస్తుంది.

2025 మార్చి 12న కేరళ బ్లాస్టర్స్‌తో చివరి లీగ్ మ్యాచ్. పదమూడు జట్లలో పన్నెండో స్థానం, గెలిచినా ఒరిగేదేమీ లేదు. ఏడో నిమిషంలోనే గోల్ ఇచ్చేశాం. విరామానికి కాస్త ముందు మా సౌరవ్ గోల్‌కు వీపు పెట్టి గాల్లోకి లేచి, తల మీదుగా బంతిని వలలోకి తన్నాడు. ఒక్క క్షణం ఎవరికీ నోట మాట రాలేదు, తర్వాత ఎదుటి జట్టు అభిమానులు కూడా చప్పట్లు కొట్టారు. మ్యాచ్ 1-1తో ముగిసింది. ఆటగాళ్లు చేతులెత్తి అభివాదం చేస్తుంటే వచ్చే ఏడు కలుద్దామని అరిచాం.

ఆ వచ్చే ఏడు రాలేదు. అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కొత్త పేరుతో ఆడేవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు, కాని వాళ్ల మ్యాచ్‌లు చూడలేకపోతున్నాను. హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీం) 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఆయన ఊరికి, ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం ఊరికి పెద్ద లీగ్‌లో ఒక జట్టు లేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

కొత్తగా ఫుట్‌బాల్ వైపు వస్తున్నవాళ్లు అడిగితే, మైదానానికి నడిచి వెళ్లగలిగే జట్టునే పట్టుకోమంటాను, అది ఎంత చిన్నదైనా సరే. నేను ప్రస్తుతం నగరంలో జరిగే స్థానిక లీగ్ మ్యాచ్‌లకు వెళుతున్నాను. హైదరాబాద్ పేరుతో మరో జట్టు పెద్ద లీగ్‌లోకి వస్తే మొదటి రోజే టికెట్ కొంటాను, అది కూడా పదో స్థానంతోనే మొదలుపెట్టినా.