యూడోరా వెల్టీ 'వన్ టైమ్, వన్ ప్లేస్': ఫోటోల కోసం కొనండి

వెల్టీ కథలు ఇష్టపడేవాళ్లు వైజాగ్‌లో కూడా ఉన్నారు, 1973లో పులిట్జర్ సాహిత్య బహుమతి వచ్చిన అమెరికన్ రచయిత్రి కదా. కానీ ఆవిడ ఫోటోలు కూడా తీసిందంటే బాగా చదివేవాళ్లే "అవునా?" అంటున్నారు, నాకు అదే బాధ. ఈ పుస్తకంలో ఉన్నవి 1930ల మాంద్యం రోజుల్లో సొంత రాష్ట్రం మిసిసిపీలో తీసినవి, పుస్తకంగా వచ్చేసరికి 1971 అయింది.

అప్పట్లో ఆవిడ డబ్ల్యూపీఏ అనే ప్రభుత్వ ఉపాధి సంస్థ ప్రచార విభాగంలో చిన్న ఉద్యోగి. పని మీద ఊళ్లు తిరిగి, రాయాల్సిన వార్తలు రాసి, ఫోటోలు మాత్రం తన కోసం తీసుకుంది, ఎవరూ తియ్యమనలేదు. 1936లో న్యూయార్క్‌లో చిన్న ప్రదర్శన పెట్టారు, మొదటి కథ అచ్చయింది కూడా ఆ ఏడాదే. కథలూ ఫోటోలూ కలిపి పుస్తకం వెయ్యమంటే పబ్లిషర్లు ఒప్పుకోలేదు. కథలకి పేరొచ్చింది, ఫోటోలు అలా ఉండిపోయాయి. 1950లో పారిస్ మెట్రోలో కెమెరా మర్చిపోయాక ఆవిడ ఇంకోటి కొననేలేదట.

మొదటి ఫోటో దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. గుండీలు పెట్టుకున్న పాత స్వెట్టర్‌లో ఒక నల్లజాతి స్త్రీ, సూటిగా మనకేసి చూస్తుంది. పేదరికం కనిపిస్తూనే ఉంటుంది, కానీ మనం చూసేది ఆమె ముఖాన్నే, అందులో ఆమె బతుకంతా ఉందని ముందుమాటలో వెల్టీ కూడా అంటుంది. తర్వాత పని రోజులు, శనివారం, ఆదివారం అని భాగాలు. శనివారం అంటే అక్కడ మన సంత రోజులాంటిది, పల్లెల జనమంతా టౌన్‌కి వస్తారు. షాపు అద్దాల కిటికీ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్న ఒకామె ఫోటో చూడండి, కొనాలా వద్దా అని పూర్ణా మార్కెట్‌లో మనవాళ్లు నిలబడేది అచ్చం అలాగే.

ఒక్కటి మాత్రం నచ్చలేదు. ఫోటోల కింద ఊరు, కాలం ఉంటాయి గానీ మనుషుల పేర్లు దాదాపు ఉండవు. జాతి వివక్ష చట్టమే అయిన చోట ఒక తెల్లావిడ చేతిలో కెమెరా ఉందంటే ఎదుటివాళ్లు వద్దనగలిగేవాళ్లా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. అయినా దొంగచాటుగా తీసిన చూపు కాదిది, దగ్గరికెళ్లి మాట్లాడి తీసినట్టే ఉంటాయి చాలా ముఖాలు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకుండానే పెద్ద లెన్సులతో దూరం నుంచి చేపలమ్మే ఆడవాళ్లని తీసే మన కుర్రాళ్లు ముందు ఇది చూడాలి.

ధర ఎక్కువే, నా కాపీ మూల నలిగి వచ్చింది, లోపల ఫోటోలకేం కాలేదు. ఇంగ్లీషు రాదని వెనకాడక్కర్లేదు, చదవాల్సింది ముందుమాట ఒక్కటే, అది ఎవరిచేతైనా చదివించుకోండి.