విశాఖ విమానాశ్రయంలో డిజియాత్ర: తలుపు తెరుచుకుంది, చట్టం మాటేమిటి?

విశాఖపట్నం విమానాశ్రయంలో 2024 సెప్టెంబరులో మొదలైన, కెమెరాతో ప్రయాణికుల ముఖాన్ని గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర సేవను ఇటీవలి హైదరాబాదు ప్రయాణంలో తొలిసారి వాడి చూశాను. ఫోనులో యాప్ వేసుకొని, ఆధార్‌తో ధ్రువీకరించుకొని, సెల్ఫీ దిగి, బోర్డింగ్ పాసును అందులోకి ఎక్కిస్తే ఇంటి దగ్గర చేయవలసిన పని అయిపోతుంది. ద్వారం వద్ద పాసు మీది కోడును చూపించి కెమెరా వైపు తల ఎత్తగానే గాజు తలుపులు విడిపోయాయి. పక్క వరుసలో ఒక పెద్దాయన చేతిసంచీలో ఆధార్ కార్డు కోసం ఇంకా వెతుక్కుంటూనే ఉన్నారు. వేగానికి వంక పెట్టలేను.

నా అభ్యంతరమల్లా తలుపు దాటిన తరువాతి సంగతి గురించే. విమానం బయలుదేరిన 24 గంటల్లో మన ముఖచిత్రాన్ని విమానాశ్రయం వ్యవస్థ నుంచి చెరిపేస్తామని చెబుతున్నారు. సంతోషమే. కానీ డిజియాత్ర విధాన పత్రాన్ని ఓపిగ్గా చదివితే, భద్రతా అవసరాలను బట్టి ఈ గడువును మార్చుకునే వీలుండాలనీ, అప్పటికి అమలులో ఉన్న పద్ధతుల ప్రకారం భద్రతా సంస్థలకూ ఇతర ప్రభుత్వ సంస్థలకూ ప్రయాణికుల సమాచారం ఇవ్వవచ్చుననీ అందులోనే కనిపిస్తుంది. ఆ సమాచారాన్ని ఎవరు అడగవచ్చు, ఎవరి అనుమతితో ఇవ్వాలి, ఇచ్చిన సంగతి ప్రయాణికుడికి ఎప్పటికైనా తెలుస్తుందా అన్నవి యాప్ తయారీదారులు తేల్చవలసిన విషయాలు కావు, పార్లమెంటు తేల్చవలసినవి.

2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది; అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలనీ, ఆ జోక్యం అవసరానికి మించకూడదనీ ప్రధాన తీర్పు చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమేమో, దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థలను ఆ చట్టం నుంచే తప్పించే అధికారాన్ని 17వ సెక్షన్‌లో కేంద్రానికి కట్టబెట్టింది. కంచె వేసినవారే దొడ్డిదారీ పెట్టుకున్నారన్నమాట.

భద్రత అంటే విశాఖవాసులకు చిరాకేమీ లేదు. తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు మాది, ఈ విమానాశ్రయం ఉన్నదే నౌకాదళ స్థావరంలో. తనిఖీ చేస్తే బ్యాగు తెరిచి చూపిస్తాము. అయితే బ్యాగు తనిఖీ ఆ పూటతో ముగుస్తుంది, ముఖం నమూనా అలా ముగుస్తుందని హామీ ఏదీ? పైగా ఈ సేవ ఐచ్ఛికమని చెబుతున్నా, మరో ఊరి విమానాశ్రయంలో ఒక ఉద్యోగి నన్ను అడగకుండానే నా బోర్డింగ్ పాసు తీసుకొని కెమెరా ముందు నిలబెట్టబోయారు. వద్దన్న తరువాతే మామూలు వరుస చూపించారు.

పౌర విమానయాన శాఖ మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన పొరుగునే ఉన్న శ్రీకాకుళం ఎంపీ. ఆయనకూ, విశాఖ ఎంపీ గారికీ ఉత్తరాలు రాశాను. 24 గంటల గడువును చట్టంలో చేర్చాలనీ, న్యాయస్థానం ఉత్తర్వు లేకుండా ఏ సంస్థకూ ఈ సమాచారం ఇవ్వకూడదనీ, 17వ సెక్షన్ మినహాయింపులపై స్వతంత్ర పర్యవేక్షణ ఉండాలనీ కోరాను.

అంతవరకు సేవకు ఐదులో మూడు నక్షత్రాలు. మామూలు వరుసలో వెళ్లదలచినవారు అసలు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి, జిరాక్సు కాపీని అనుమతించరు.