స్లాక్ కీ గిటార్ కోసం హవాయి: బస ఎక్కడ, పాఠం ఎక్కడ

స్లాక్ కీ గిటార్ నేర్చుకోవడానికి హవాయి వెళ్ళేవారికి నేను మొదట చెప్పేది, హోనొలులులో పర్యాటకుల పేట అయిన వైకీకీలో బస చేయవద్దని. సముద్రం కోసం వెళ్ళేవారి లెక్క వేరు. వాద్యం వెంటబెట్టుకొని వెళ్ళేవారికి కావలసినవి రాత్రి భోజనమయ్యాక కూడా మీటుకోగలిగే గది, పక్కన కూర్చోబెట్టుకొని నేర్పే మనిషి, అన్నం వండుకునే వీలు. ఈ మూడూ వైకీకీలో ఒక్కచోట దొరకడం కష్టం. మావారూ నేనూ ఓఆహు (హోనొలులు ఉన్నది ఇక్కడే), మౌయి, బిగ్ ఐలాండ్ మూడు ద్వీపాలూ తిరిగాం. నా ఓటు బిగ్ ఐలాండ్‌లోని వైమియా ఊరికే.

ముందు వాద్యం సంగతి. హవాయి గిటార్ అనగానే మనలో చాలామందికి ఒళ్ళో పడుకోబెట్టి, ఇనుప కడ్డీని తీగల మీద జార్చుతూ వాయించేది గుర్తుకొస్తుంది. అది స్టీల్ గిటార్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కలకత్తాలో ఉన్న టావ్ మో వంటి కళాకారుల చలవతో అది మన దేశంలో బాగా పాకింది, పాత సినిమా పాటల్లోకీ వచ్చింది. స్లాక్ కీ అది కాదు. మామూలు గిటారే, మామూలుగానే పట్టుకుంటారు. కొన్ని తీగలను వదులు చేసి శ్రుతి మారుస్తారు, అంతే. స్థానికులు దీన్ని కీ హోఆలు అంటారు. శ్రుతులు ఎన్నో ఉన్నా, మొదలుపెట్టేవారందరికీ నేర్పేది టారో ప్యాచ్ అనే శ్రుతి, అంటే చేమమడి. ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావుదాన్ని, ఇ స్వరం నుంచి డికి, ఐదో తీగను ఏ నుంచి జికి, ఒకటో తీగను ఇ నుంచి డికి దించితే సరి. మిగిలిన మూడింటి బిరడాలను ముట్టుకోనక్కరలేదు.

చిన్నప్పుడు కొన్నేళ్ళు వీణ నేర్చుకొని వదిలేసినదాన్ని నేను. జిని షడ్జమం అనుకొని ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా మీటి చూశాను: ప స ప స గ ప. ఎడమచెయ్యి ఎక్కడా పెట్టకుండానే అంతర గాంధారంతో సహా మొత్తం పలుకుతుంది. వహీనే అనే మరో రకం శ్రుతిలో మూడో తీగను కూడా అరస్వరం దించి కాకలి నిషాదం చేస్తారు. ప స ప ని గ ప. కర్ణాటక సంగీతం కొంచెమైనా వచ్చినవారు అక్కడి గురువుల ముందు మరీ కొత్తవాళ్ళలా కూర్చోనక్కరలేదు. కానీ కుడిచేతి దగ్గర ఆ ధైర్యం చెల్లదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హోనొలులుకు విమానంలో ఐదున్నర గంటలు. గిటార్‌ను క్యాబిన్‌లోకి రానిస్తారా అని అందరూ అడుగుతారు. అమెరికాలో 2012 నాటి చట్టం ప్రకారం, మనం ఎక్కేసరికి పై అరలో చోటుంటే చిన్న వాద్యాలను రానివ్వాలి. తిరకాసంతా ఆ 'చోటుంటే' దగ్గరే ఉంది కాబట్టి, ముందుగా ఎక్కించే వరుసకు కాస్త డబ్బు పెట్టడం మంచిది. ద్వీపాల మధ్య తిరిగే చిన్న విమానాల్లో అరలు ఇంకా ఇరుకు. ఓఆహు నుంచి మౌయికి గాని బిగ్ ఐలాండ్‌కు గాని పడవ సౌకర్యం లేదు, విమానమే గతి.

వైకీకీలో మేము దిగిన హోటలు పేరు చెప్పను. ఇంటర్నెట్‌లో చూసినప్పుడు అద్దె భరించదగ్గదిగానే ఉంది. బిల్లులో రిసార్టు ఫీజు విడిగా, కారు నిలిపినందుకు విడిగా, ఆ పైన రకరకాల పన్నులు కలిసి దాదాపు 18 శాతం. రెండో రాత్రి కింది నుంచి ఫోను వచ్చింది: పక్క గదిలో నిద్రపోతున్నారు, వాద్యం ఆపండి. అప్పటికి ఎనిమిదిన్నరే. వీధిలో మోటారు సైకిళ్ళ మోతను మాత్రం అర్ధరాత్రి దాకా ఎవరూ ఆపలేదు.

పాఠాల విషయంలోనూ వైకీకీ అంతంతమాత్రమే. ఉకులేలే అనే నాలుగు తీగల చిన్న వాద్యం నేర్పేవారు అడుగడుగునా ఉన్నారు, కొన్ని హోటళ్ళలో ఉచితంగా కూడా. స్లాక్ కీ అనేసరికి ఊళ్ళోకి వెళ్ళి సంగీత దుకాణాల్లో విచారించాలి. మాకు దొరికిన అరగంట పాఠం చెడ్డదేమీ కాదు. కాగితం మీద తీగలూ మెట్లూ అంకెలుగా రాసి ఇచ్చారు, వాటిని చూసి వేళ్ళు కదిలించాను, గడియారం చూసుకుంటూ ముగించారు. ఒకటో తరగతి వాచకంలా పనికొస్తుంది. దానికోసం సముద్రం దాటనక్కరలేదు, ఆ కాగితాలు ఇంట్లోనే దొరుకుతాయి.

ఓఆహులో నాకు నచ్చింది వైమానలో అనే ఊరు. గిటార్ కళాకారుడు గ్యాబీ పహినుయి (1921–1980) ఉన్నది అక్కడే. స్లాక్ కీని 1946లో మొదటిసారి రికార్డు మీదికి ఎక్కించింది ఆయనే. వారాంతాల్లో ఆయన పెరట్లో చేరి వాయించినవారి ద్వారానే ఈ విద్య గడప దాటి బయటికొచ్చిందని చెప్పవచ్చు. అంతకుముందు ఇది ఇంటింటి రహస్యం. గిటార్ కింద పెట్టేముందు తన శ్రుతి ఎవరికీ తెలియకూడదని తీగలు వదులు చేసి పెట్టేవారట. వైమానలోలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. తెల్లటి ఇసుక, వెనక కొండలు, చెట్ల కింద కుర్చీలు వేసుకున్న కుటుంబాలు. బస్సులో వెళ్ళిరావచ్చు.

మౌయి ఖరీదైన చోటు, బస విషయంలో మరీను. కానీ పడమటి తీరాన నాపిలి కాయ్ రిసార్టులో జరిగే స్లాక్ కీ ప్రదర్శన కోసం ఒక్క రాత్రయినా అక్కడ ఉండాలి. జార్జ్ కహుమోకు జూనియర్ ఎన్నో ఏళ్ళుగా నడుపుతున్న వేదిక అది. అక్కడ రికార్డు చేసిన ఆల్బమ్‌లకు గ్రామీ అవార్డులు కూడా వచ్చాయి. చిన్న హాలు, హంగులు లేవు, పాటకూ పాటకూ మధ్య కబుర్లు. లూఆవు అనే పర్యాటక విందులకు మనిషికి 150 డాలర్ల పైన అడుగుతున్నారు. శాకాహారికి అందులో దక్కేది అన్నం, పోయి అనే చేమదుంప ముద్ద, అనాసపండు. ఆ డబ్బులో కొంత పెడితే ఇక్కడ ముందు వరుసలో కూర్చోవచ్చు. ముందు వరుస అని ఊరికే అనడం లేదు. కొత్తగా నేర్చుకునేవారు కళాకారుడి కుడిచేతి బొటనవేలు కనిపించే కుర్చీ చూసుకోవాలి. పాట వినడం ఎక్కడైనా వినవచ్చు. దారిలో లహైనా వస్తుంది. 2023 ఆగస్టు మంటల్లో కాలిపోయిన ఊరు. అక్కడ కారు ఆపి ఫొటోలు తీయకండి.

ఇక వైమియా. కోనా విమానాశ్రయం నుంచి కారులో గంట లోపే. సముద్ర మట్టానికి 800 మీటర్ల ఎత్తు, సాయంత్రమైతే స్వెట్టరు కావాలి. ఊరికి తడి వైపు, పొడి వైపు అని రెండు ఉన్నాయి. బస వెతికేటప్పుడు స్థానికులు మొదట అడిగేది అదే, ఏ వైపు అని. తడి వైపు తుంపర ఆగదు. గిటార్ ఉన్నవారు పొడి వైపే చూసుకోవాలి.

స్లాక్ కీ పుట్టుకకు ఈ పచ్చిక బయళ్ళతో సంబంధం ఉంది. 1793లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ హవాయిని ఏలిన మొదటి కమేహమేహా రాజుకు పశువులను కానుకగా ఇచ్చాడు. వాటిని చంపకూడదని రాజు నిషేధం పెట్టాడు. అవి అడవిపట్టి, పెరిగిపెరిగి, తోటల మీద పడ్డాయి. 1830లలో మూడో కమేహమేహా వాటిని అదుపు చేయడానికి అప్పట్లో మెక్సికోలో భాగంగా ఉన్న కాలిఫోర్నియా నుంచి పశువుల కాపరులను రప్పించాడు. వాళ్ళతో గిటార్లు వచ్చాయి. వాళ్ళు వెళ్ళిపోయాక వాద్యాలు మిగిలాయి, నేర్పేవారు మిగల్లేదు. హవాయి కాపరులు తమ పాటకు, తమ గొంతుకు తగ్గట్టు శ్రుతులు కట్టుకున్నారని చెబుతారు. వాళ్ళను పనియోలో అంటారు. 1847లో మొదలైన పార్కర్ రాంచ్ అనే పశువుల క్షేత్రం ఇప్పటికీ ఈ ఊరి చుట్టూనే ఉంది. 1908లో అమెరికాలోని షైయెన్ నగరానికి వెళ్ళి ఎద్దులకు ఉచ్చు వేసే పోటీలో ప్రపంచ విజేతగా నిలిచిన ఇకువా పర్డీ అనే పనియోలో విగ్రహం ఊరి నడుమ కనిపిస్తుంది.

మేము ఒక ఇంటికి ఆనుకొని ఉన్న విడి భాగంలో దిగాం. అద్దె, వైకీకీ గదికి పెట్టినదానిలో సగం కంటే కాస్త ఎక్కువ. వంటగదిలో రైస్ కుక్కర్ సిద్ధంగా ఉంది. హవాయిలో అది లేని ఇల్లు అరుదు, మనకు అంతకంటే ఏం కావాలి! శనివారం సంతల్లో వంకాయలు, చేమదుంపలు, బొప్పాయిలు దొరికాయి. పప్పు, చింతపండు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఇంటి యజమానురాలికి గిటార్ సంగతి ముందే రాశాను. కోడిపుంజులు మూడింటికి లేపుతాయి, వాటికంటే నీ గిటారే నయమని జవాబిచ్చింది. పుంజుల విషయం అక్షరాలా నిజం. ఇతర లోపాలూ ఉన్నాయి. రాత్రి ఎనిమిది దాటితే తినడానికి ఏమీ దొరకదు, మంచి బీచికి కారులో ఇరవై నిమిషాలు దిగాలి, కారు లేకపోతే అసలు కదలలేము.

పాఠం చెప్పినాయనను ఊరంతా అంకుల్ అంటుంది, మేమూ అలాగే పిలిచాం. పెద్దవాళ్ళను అంకుల్, ఆంటీ అనడంలో హవాయికీ మన ఊళ్ళకూ తేడా లేదు. ఆయన ఇంటి వరండాలో ఎదురెదురుగా రెండు స్టూళ్ళు. కాగితం లేదు. కళ్ళతో చూడు, చెవులతో విను, నోరు మూసుకో అని అక్కడ పాత సామెత ఉందట. మా పాఠం అక్షరాలా అలాగే నడిచింది. మొదటి రోజంతా బొటనవేలు ఒక్కటే: ఐదో తీగ, నాలుగు, ఆరు, మళ్ళీ నాలుగు. ఇంకేమీ లేదు. ఇక్కడే వీణ నన్ను ఇరికించింది. వీణ మీద మీటేది చూపుడువేలు, మధ్యవేలు. తాళం తీగలు చిటికెనవేలి పని. బొటనవేలికి ఉద్యోగం లేదు. స్లాక్ కీలో ఇల్లు గడిపేదే బొటనవేలు. అది మంద్రంలో నిలకడగా నడుస్తుంటే మిగతా వేళ్ళు పైతీగల మీద ఆడుకోవాలి. నా వేళ్ళు పైన ఏదైనా అందుకోగానే బొటనవేలు ఆగిపోయేది. అంకుల్ ఏమీ అనకుండా తన గిటార్ చెక్క మీద దరువు వేసేవారు, నా బొటనవేలు మళ్ళీ కదిలేదాకా.

ఎడమచేతికి మాత్రం వీణ సాయం చేసింది. ఒకటో, మూడో తీగల మీద జంటగా వేళ్ళు పెట్టి జారడం ఈ సంగీతానికి ప్రాణం. రెండే ఆకారాలు. మూడో తీగ 4వ మెట్టు, ఒకటో తీగ 5వ మెట్టు ఒకటి. మూడో తీగ 2వ మెట్టు, ఒకటో తీగ 4వ మెట్టు రెండోది. వీటిని మెట్ల వెంట పైకీ కిందికీ జరుపుతూ ఒక పాట మొత్తం లాక్కురావచ్చు. జారు వేసే అలవాటు ఉన్నవారికి ఇది తొందరగా పట్టుబడుతుంది. చరణం చివర వచ్చే ముగింపు పలుకు డి7 నుంచి జికి; ఇవి తీగలను కలిపి మోగించే స్వరాల గుత్తులు. డి7కు రెండో తీగ 1వ మెట్టు, మూడో తీగ 2వ మెట్టు నొక్కితే చాలు. జికి వేళ్ళు తీసేయడమే. గంటకు 60 డాలర్లు తీసుకున్నారు. హోనొలులు దుకాణంలో అరగంటకు ఇచ్చిందీ దాదాపు అంతే. ఇక్కడ గంట అంటే అంకుల్‌కు గంటన్నర.

గ్యాబీ 1946లో రికార్డు చేసిన పాట హిఇలావే, దగ్గర్లోని వైపియో లోయలో ఉన్న జలపాతం మీద కట్టినది. చూసొద్దామని వెళ్ళాం. లోయలోకి దిగే దారిని పర్యాటకులకు 2022లో మూసేశారు, పైనుంచి లోయనూ నల్ల ఇసుకనూ చూసి రావడమే. ఆ పాట నేర్పమని అడిగితే అంకుల్ నవ్వి బొటనవేలు చూపించారు.

బిగ్ ఐలాండ్ తూర్పు తీరాన ఉన్న హీలో వైపు వెళ్ళేవారు బుధవారమో శనివారమో చూసుకోండి, పెద్ద సంత ఆ రోజుల్లోనే. బస చవక, మనుషులు మంచివాళ్ళు, వాన మాత్రం ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైమాటే. గిటార్‌ను పెట్టెలోంచి తీసిన ప్రతిసారీ శ్రుతి మారిపోయేది, కొత్త తీగలు వారం తిరక్కుండా మసకబారాయి. కోవా అనే స్థానిక చెట్టు చెక్కతో చేసిన గిటార్లు కంటికింపుగా ఉంటాయి, ధర వేల డాలర్లు. మొదలుపెట్టేవారికి అది దండగ. ఇంట్లో ఉన్న మామూలు గిటార్‌కు కొత్త తీగలు వేయించుకొని పట్టుకెళ్ళండి, అదనంగా ఇంకో జత పెట్టెలో పెట్టుకోండి.

వచ్చేసారి వెళ్తే ఆగస్టులో వెళ్ళాలని ఉంది. 1982లో మొదలైన స్లాక్ కీ ఉత్సవం హోనొలులులో కపియోలాని పార్కులో ఎన్నో ఏళ్ళుగా ఆ నెలలో జరుగుతూ వచ్చింది. తేదీ, చోటు చూసుకొని విమానం టికెట్లు కొనాలి. ఆ ఒక్క రోజుకు వైకీకీ దగ్గర ఒక రాత్రి, మిగతా అన్ని రాత్రులూ వైమియాలో. వైకీకీ గదిలో ఆ రాత్రి గిటార్ పెట్టె తెరవను.