ఫాస్ట్ స్కాన్ నేర్పడానికి సిమ్యులేటరా, తోటి విద్యార్థా?

ప్రమాదంలో గాయపడినవారికి పొట్టలోనో గుండె చుట్టూనో రక్తం చేరిందా అని అల్ట్రాసౌండ్‌తో నాలుగు చోట్ల చూసేదే ఫాస్ట్ స్కాన్. కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య రక్తం చేరితే కనిపించే నల్లటి చారను సిమ్యులేటర్ అనే శిక్షణ బొమ్మ ఎన్నిసార్లయినా చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తోటి విద్యార్థిలో అది కనిపించదు.

అయినా నా ఓటు ముందు మనిషికే. పక్కటెముకల నీడను తప్పించుకోవడం, ఊపిరి బిగబట్టమని అడగడం, జెల్ చల్లగా తగులుతుందని ముందే చెప్పడం బొమ్మ మీద అలవాటు కావు. చెయ్యి కుదిరాక సిమ్యులేటర్ దగ్గరికి వెళ్లాలి.

మన దేశంలో ఒక చిక్కుంది. 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం వల్ల అసలు అల్ట్రాసౌండ్ యంత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇష్టమొచ్చిన గదికి మోసుకెళ్లలేం. పొట్టలో నీరు చేరిన రోగి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే మాత్రం, వార్డులో ఆ పది నిమిషాలకు రెండూ సాటిరావు.