కర్రీ పాయింట్ పప్పు, తెల్లవారి నడక: రేడియేషన్ వారాలకు బెజవాడ ఎంతవరకు సరిపోతుంది?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ కోసం నూజివీడు, గుడివాడ, తిరువూరు, నందిగామ వైపు నుంచి వచ్చేవాళ్లు చాలామంది విజయవాడలో ఆస్పత్రికి దగ్గర్లో ఒక గది తీసుకుని ఉంటారు. ఇప్పుడు ఎక్కువమందికి 15 విడతలు ఇస్తున్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా లెక్కేస్తే 3 వారాలు. కొందరికి 25 విడతలు, 5 వారాలు. కణితి తీసిన చోట అదనపు మోతాదు కావాలంటే ఇంకో 4 నుంచి 8 రోజులు పడుతుంది. మెషీన్ బల్ల మీద గడిచేది రోజుకు పది పదిహేను నిమిషాలే. మిగతా రోజంతా ఏం తినాలి, ఎక్కడ నడవాలి అన్నదే ప్రశ్న. గదిలో పూర్తి వంట కుదరదు కాబట్టి కర్రీ పాయింట్లే దిక్కు. అందుకని ఇక్కడ చూస్తున్నది వాటినీ, టిఫిన్ సెంటర్లనూ, నడవడానికి ఊళ్లో ఉన్న జాగాలనూ.

తీర్పు ముందే చెప్పేస్తే: కర్రీ పాయింట్‌ను పప్పుకూ పులుసుకూ నమ్మొచ్చు, వేపుళ్లకు వద్దు. గదిలో ఒక ఇండక్షన్ పొయ్యి, చిన్న గిన్నె, డజను గుడ్లు ఉంటే మిగతా లోటు తీరిపోతుంది. మెడికల్ షాపు డబ్బాలు చాలామందికి అక్కర్లేదు.

లెక్క ఇలా ఉంటుంది. ఈ వారాల్లో ఒంటి బరువు కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. కమిలిన చర్మం మళ్లీ కట్టుకోవాలన్నా, కీమోలో కరిగిన కండ తిరిగి రావాలన్నా అది పడాల్సిందే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్లు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

ఇక్కడ అసలు అడ్డంకి హోటలు కాదు, ఇంటివాళ్లు పెట్టే పథ్యం. కుట్లు ఉన్నాయి కాబట్టి పప్పు తింటే చీము పడుతుందంటారు. రేడియేషనే వేడి, దాని మీద గుడ్డు, కోడి, చేప ఇంకా వేడి అంటారు. వంకాయ, గోంగూర సరేసరి. చివరికి పళ్లెంలో మిగిలేది చారన్నం, పెరుగన్నం, రెండు ఇడ్లీలు, బార్లీ నీళ్లు. రోజంతా కలిపినా ప్రొటీన్ 30 గ్రాములు దాటడం కష్టం. ప్రేమతో చేసే పనే, కానీ నష్టం పేషెంటుకే. పప్పు వల్ల చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. రొమ్ముకు ఇచ్చే కిరణాలు పొట్ట మీదా పేగుల మీదా పడవు, అందువల్ల విరేచనాలూ అజీర్తీ మామూలుగా రావు, చప్పిడి తిండి తినాల్సిన పనీ లేదు. చర్మం ఎర్రబడేది కిరణాలు పడిన చోట, పడినందుకే. గుడ్డు మానేస్తే ఆ ఎరుపు తగ్గదు. కారం కూడా పొట్టకు పడినంత వరకు తినొచ్చు. మెడ కింద, కాలరు ఎముక దగ్గరి గ్రంథులకు కూడా రేడియేషన్ ఇస్తుంటే కొందరికి రెండు మూడు వారాలకు గొంతు మంట, మింగేటప్పుడు నొప్పి వస్తాయి. అప్పుడు మాత్రం ఆవకాయ, వేడివేడి పులుసు పక్కన పెట్టి మెత్తటి పప్పన్నం, గోరువెచ్చని పాలు, పెరుగు తీసుకోవాలి. డాక్టరుకూ చెప్పాలి.

ఇక కర్రీ పాయింట్. ముద్దపప్పు, టమాటా పప్పు, పాలకూర పప్పు, గోంగూర పప్పు ఏదైనా మంచిదే, గరిటె జారుడుగా లేకపోతే. చిక్కటి పప్పు ఒక కప్పులో సుమారు 30 గ్రాముల కందిపప్పు ఉంటుంది, దాన్నుంచి 6, 7 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక గిరాకీ పెరిగితే కొన్నిచోట్ల దాంట్లో నీళ్లు కలుపుతారు, అప్పుడు అందులో సగమూ ఉండదు. కవర్లో కట్టించే ముందు గరిటె ఎత్తి చూపించమనండి. పప్పు మూకుడులోకి ముద్దగా పడాలి, ధారగా కాదు. కోడిగుడ్డు పులుసు కొంటే గ్రేవీ కాదు, గుడ్లు లెక్కపెట్టుకోండి. చేపల పులుసు బాగుంటుంది, కానీ ఉప్పూ నూనే ఎక్కువ. ముక్కలు తీసుకుని పులుసు కొంచెమే కలుపుకోవాలి. దొండకాయ, బెండకాయ, ఆలూ వేపుళ్లు దాదాపు నూనెలో తేలేవే, ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో తెలియదు. ఈ జబ్బులో చాలామంది బరువు తగ్గరు, పెరుగుతారు. కీమోలో వాడే స్టెరాయిడ్లు, తర్వాత వేసుకునే హార్మోన్ మాత్రలు, కదలిక లేకపోవడం, అన్నీ కలుస్తాయి. బరువు బాగా మారితే మొదట్లో వేసుకున్న రేడియేషన్ ప్లాను కూడా సరిచూడాల్సి వస్తుంది. వేపుడు బదులు బీరకాయ కూర, ఆనపకాయ పాలు పోసిన కూర, దోసకాయ పప్పు అడగండి.

పెద్ద లోపం టైముది. కూరలు పొద్దున పదింటికే దిగిపోతాయి, అమ్మకం రెండు దాకా నడుస్తుంది. మిగిలింది సాయంత్రం పళ్లాల్లోకి మళ్లీ వస్తుంది. బెజవాడ ఎండల్లో వండిన కూర బయట గంటకు మించి ఉంచకూడదు, చలికాలంలో రెండు గంటలు. కాబట్టి ఆ గడువు దాటని కూరనే అడిగి తెచ్చుకుని వెంటనే తినాలి. రాత్రికి మధ్యాహ్నపు కూర దాచొద్దు, రాత్రికి వండిన బ్యాచ్ దిగాకే వెళ్లాలి. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి అసలు వద్దు, అన్నిటికంటే ముందు పాడయ్యేవి అవే. సలసలా కాగే పప్పును పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోకుండా రెండు గిన్నెల స్టీలు క్యారియర్ తీసుకెళ్లండి. ఏ షాపువాళ్లూ కాదనరు.

టిఫిన్లలో మొదటి మార్కు పెసరట్టుకే. 50 గ్రాముల పెసలతో వేసిన రెండు అట్లలో 12 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. రెండు ఇడ్లీల్లో 4, 5 గ్రాములకు మించదు. పెసరట్టు నూనె తక్కువ వేసి, ఉప్మా లేకుండా అడగండి. పునుగులు, మైసూర్ బజ్జీ, పూరీ ఈ వారాలకు వదిలేయడమే మంచిది. ఇడ్లీయే తినాలనుకుంటే పల్లీ చట్నీతో, పక్కన ఒక ఉడికిన గుడ్డుతో తినండి.

మాంసాహారులకు ఒకరోజు ఇలా సర్దుకోవచ్చు. పొద్దున పెసరట్లు, గ్లాసు పాలు కలిపి 18 గ్రాములు. పదకొండింటికి గుప్పెడు ఉడికించిన వేరుశనగలు, 7. మధ్యాహ్నం అన్నం, చిక్కటి పప్పు, రెండు గుడ్లు, కప్పు పెరుగు, 30. సాయంత్రం శనగల గుగ్గిళ్లు, 6. రాత్రి అన్నం లేదా రెండు పుల్కాలు, 75 గ్రాముల చికెన్ లేదా చేప, 22 దాకా. మొత్తం 83. శాకాహారులు గుడ్డు, చికెన్ స్థానంలో 75 గ్రాముల పనీర్, 25 గ్రాముల మీల్‌మేకర్ (సోయా ముక్కలు) తెచ్చుకుంటే ఒక్కోదానికి 13 గ్రాములు వస్తాయి. సోయా తింటే ఈ జబ్బు పెరుగుతుందన్న భయం అక్కర్లేదు, తిండిగా తినే మోతాదులో ఇబ్బంది లేదు. పటమట రైతు బజారులో ఆకుకూరలు, జామ, బొప్పాయి తెచ్చుకోవచ్చు. అన్నీ గదిలో మళ్లీ కడగాలి.

డబ్బాల విషయం. బలానికని కొనే మాల్ట్ పొడుల్లో చాలావాటిలో 100 గ్రాములకు ప్రొటీన్ 10 గ్రాముల చుట్టుపక్కలే, చక్కెర అంతకు బాగా ఎక్కువ. రెండు చెంచాలు కలుపుకుంటే వచ్చేది 3 గ్రాములు, అంటే అర గుడ్డు. నిజంగా తినలేకపోతున్నవాళ్లకు డైటీషియన్ రాసిచ్చే పొడి వేరు, దాని లేబుల్ వెనక ప్రొటీన్ అంకె చూసి కొనాలి. విటమిన్ సి, ఇ మాత్రలు పెద్ద మోతాదులో, పసుపు సారం క్యాప్సూళ్లు, ఊరి మందులు డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు. కూరలో వేసే పసుపుకు ఏ అభ్యంతరమూ లేదు.

నడకకు వస్తే, రేడియేషన్ నీరసానికి మంచం మందు కాదు. నీరసం రెండో వారం నుంచి పెరిగి చివరి వారానికి ముదురుతుంది, దాన్ని తగ్గిస్తుందని గట్టిగా తేలింది వ్యాయామమే. మొదటి వారం పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. తర్వాత ఇరవై, కుదిరితే ముప్పై నిమిషాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. బాగా నీరసంగా ఉన్నరోజు సగం నడవండి, మానేయొద్దు.

ఊళ్లో మా మొదటి ఎంపిక బందరు రోడ్డు రాఘవయ్య పార్కు: చెట్ల నీడ, అలిసినప్పుడు కూర్చునే వీలు. ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం నేల చదునుగా ఉంటుంది, కానీ ఎండెక్కితే తలదాచుకునే చోటు తక్కువ, ఆరున్నరకల్లా బయటపడాలి. బస్టాండు దగ్గరి రాజీవ్ గాంధీ పార్కు విశాలమైనది, గేటు ఎప్పుడు తీస్తారో ముందురోజే కనుక్కుని వెళ్లండి. ప్రకాశం బ్యారేజీ మీద గాలి బాగుంటుంది కానీ ఈ వారాలకు అది తగదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు కిలోమీటరు పైనే, నడిమధ్యలో కళ్లు తిరిగితే కూర్చోవడానికి నీడ లేదు, పక్కనే బండ్ల పొగ. ఇంద్రకీలాద్రి మెట్లు కూడా ఇప్పుడు వద్దు. కీమో వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లు చెప్పుల్లేకుండా కాలిన బండల మీద నడిస్తే బొబ్బ లేచినా తెలియదు. నదిలో స్నానాలూ, ఈతకొలనూ చర్మం పూర్తిగా మానేదాకా ఆపాలి.

వేసవిలో పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర మధ్యే నడక. సాయంత్రం ఆరైనా రోడ్లూ గోడలూ సెగలు కక్కుతుంటాయి. చెమట ఇక్కడ రెండు పనులు చెడగొడుతుంది. రొమ్ము కింద మడతలో, చంకలో చేరి, రాపిడితో కలిసి చర్మాన్ని చిట్లిస్తుంది. మెషీన్ కోసం ఒంటి మీద గీసిన గీతల్ని చెరిపేస్తుంది. గీతలు మాసిపోతే ఇంట్లో పెన్నుతో దిద్దొద్దు, టెక్నీషియన్‌కు చెప్పండి. వదులైన నూలు కుర్తా లేదా మగవాళ్ల నూలు బనీను లోపల వేసుకుంటే బిగుతు రవికె, బ్రా తీగ రాపిడి ఉండదు. హ్యాండ్‌బ్యాగు రెండో భుజానికి తగిలించుకోండి. చాలామంది మరిచేది మెడ: రవికె గొంతు లోతుగా ఉంటే, కిరణాలు పడే కాలరు ఎముక భాగం నేరుగా ఎండకు దొరుకుతుంది. పల్చటి చున్నీ చాలదు, పైట మడతపెట్టి కప్పుకోవాలి, గొడుగూ ఉండాలి. ఎర్రబడ్డ చోట సన్‌స్క్రీన్ పూయొద్దు.

తిరిగొచ్చాక గోరువెచ్చని నీళ్లు, మెత్తటి సబ్బు, చేత్తోనే. పీచు, సున్నిపిండి, పసుపు ముద్ద, పౌడరు వద్దు. తువ్వాలు అద్దాలి, రుద్దకూడదు. అన్నీ కలిపి రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు, మజ్జిగ.

బల్ల మీద చేయి తల పైకి పెట్టి కదలకుండా ఉండాలి, అందుకని భుజం బిగుసుకోకూడదు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించడం, రోజుకు రెండు పూటలా పదేసి సార్లు. చేయి వాస్తుందని కదపకుండా ఉంచడం తప్పు, బరువులు మాత్రం ఫిజియోథెరపిస్టు చెప్పిన చిన్న బరువుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం, 100.4 డిగ్రీల జ్వరం, చేతిలో కొత్త వాపు, చర్మం చిట్లి నీరు కారడం వీటిలో ఏది కనిపించినా నడక ఆపి ఆస్పత్రికి ఫోన్ చేయండి. చర్మం చిట్లినప్పుడు డాక్టరు సరేనంటే ఫ్యాను కింద వరండాలో నడవొచ్చు, చెమట పట్టనంత వరకే.

ఆఖరి విడత అయ్యాక గది ఖాళీ చేసి ఊరెళ్లేవాళ్లు డాక్టరు రాసిచ్చిన క్రీమూ, వదులు బనీన్లూ, గుడ్ల లెక్కా వెంట తీసుకెళ్లాలి. చర్మం మంట ముదిరేది చాలామందికి రేడియేషన్ ముగిసిన ఒకటి రెండు వారాలకే, ఆ భాగాన్ని ఎండ నుంచి కనీసం ఏడాది పాటు కప్పి ఉంచాలి.