పొదుపు సంఘం అప్పు: పన్నెండేళ్ల సభ్యురాలిగా నా అభిప్రాయం

అనంతపురం జిల్లాలో వేరుశనగ పంట పోయిన ఏడు ఇంటిల్లిపాదీ బెంగళూరు బస్సెక్కడం మా ఊరికి కొత్త కాదు. ఆ బస్సు చార్జీలకు సైతం నూటికి మూడు రూపాయల వడ్డీకి చేయి చాచిన ఇళ్లను చూసినదాన్ని కనుక, 1992లో జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు 500 పొదుపు సంఘాలతో ప్రయోగాత్మకంగా ఆరంభించి నేడు దేశమంతటా అందుతున్న ఈ బ్యాంకు అప్పును, దాన్ని వాడుకున్న మనిషిగా తూచి చూడదలచాను.

ముందుగా వడ్డీ. యాభై వేల రూపాయలకు ఊళ్లో నెలకు 1,500 రూపాయలు కట్టాలి. సంఘానికి 3 లక్షల వరకు ఏడాదికి 7 శాతమే కనుక అదే మొత్తానికి మూడు వందలు కూడా కాదు. అంతకంటే విలువైనది తాకట్టు అడగకపోవడం. మా ఊళ్లో పట్టాదారు పాసు పుస్తకాలు దాదాపు అన్నీ మగవారి పేరిటే ఉన్నాయి. భూమి కాగితం అడిగే ఏ అప్పూ మాకు దక్కదు. ఇక్కడ ఆ కాగితానికి బదులు నెలనెలా పొదుపు, తప్పని సమావేశాలు, సరైన లెక్కల పుస్తకాలే పూచీగా నిలుస్తాయి. నా మొదటి అప్పుతో గేదెను కొన్నాను. పాల డబ్బు నా ఖాతాలోనే పడేది కనుక, వాన మొహం చాటేసిన మరుసటి ఏడు మేము వలస వెళ్లలేదు, అమ్మాయి పదో తరగతి ఆగలేదు.

లోపాలు లేవని కాదు. పది లక్షల లోపు అప్పుకు డిపాజిట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నా, ఒక శాఖలో మా పొదుపులో కొంత కదపకుండా ఉంచాలన్నారు. మూడుసార్లు తిరిగి, మండల సమాఖ్యవారిని వెంటబెట్టుకుని వెళితే తప్ప మాట మారలేదు. అత్యవసరానికైతే 2011లో ఏర్పడిన, మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార పరపతి సంస్థ స్త్రీనిధి నయం.

అసలు లోపం బ్యాంకులో లేదు, మా ఇళ్లలో ఉంది. తీర్మానం పుస్తకంలో పాడి అని రాసిన సొమ్ము ఎండిపోయే బోరులోకి వెళ్లడం, బోరు వేయించినది భర్త అయినా కంతు మాత్రం ఆమె కూలి డబ్బుతో తీరడం మా సంఘంలోనే జరిగింది. అలాంటి అప్పు పేదరికాన్ని తగ్గించదు. దాన్ని ఆమె పేరు మీదికి మారుస్తుంది, అంతే. వసూళ్లు మాత్రం నూటికి నూరు శాతంగానే లెక్కకెక్కుతాయి!

అందుకే మూడేళ్ల క్రితం మేమొక షరతు పెట్టుకున్నాం. గేదె కొన్నా, కుట్టు మిషను కొన్నా ఇద్దరు సభ్యులు వెంట వెళ్లి అమ్మేవారికే డబ్బు చెల్లించాలి. ఆ ఏడు అప్పు కోరినవారు తగ్గారు. తగ్గినవారిలో ఇద్దరు, అంతకుముందు తాము అడిగిన అప్పులు నిజానికి తాము అడిగినవి కావని సమావేశంలో చెప్పారు.